సరుకుల కోసం కెమెరా ఫ్రిజ్, స్మార్ట్ డబ్బాలు కొనాలా?

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైన తీరు చెప్తాను. మీరిద్దరూ ఉద్యోగాలకు వెళ్తారు, ఇద్దరు పిల్లలు, కూకట్‌పల్లిలో ఫ్లాట్. ఇంట్లో ఏముందో గుర్తులేక జీలకర్ర ప్యాకెట్లు మూడు పోగయ్యాయి. ఉప్మా చేద్దామంటే రవ్వ ఉండదు. వారానికి ఒకసారైనా కూరగాయలు కుళ్లిపోయి పారేస్తున్నారు. ఫ్రిజ్ ఎలాగూ మార్చాలి కాబట్టి లోపల కెమెరా ఉన్నది తీసుకుని, దానితోపాటు బరువు చూపించే డబ్బాలు, బార్‌కోడ్ స్కానర్, స్మార్ట్ స్పీకర్ కూడా కొంటే ఈ టెన్షన్ తీరుతుందా అని అడిగారు.

నేనైతే ఇలా చేస్తాను. ఫ్రిజ్ అవసరమైతే మారుస్తాను గానీ కెమెరా కోసం అదనంగా డబ్బు పెట్టను. డబ్బాలు, స్కానర్ అసలు కొనను. స్పీకర్ ఇంట్లో ఉంటే వాడతాను, సరుకుల కోసమని మాత్రం కొనను. కొన్ని వందల్లో దొరికే మామూలు డిజిటల్ తూకం మాత్రం ఈ వారమే తెచ్చుకుంటాను. ఎందుకో వివరంగా రాస్తాను. మీరు పెట్టబోయేది చిన్న మొత్తం కాదు.

నేను విజయవాడలో ఒక షోరూమ్ తరఫున ఇళ్లకు వెళ్లి మైక్రోవేవ్ డెమోలు ఇవ్వడంతో ఈ పనిలోకి వచ్చాను. పదిహేడేళ్లయింది. తర్వాత ఫ్రిజ్‌లు, డిష్‌వాషర్లు, వైఫైతో పనిచేసే వస్తువులు వచ్చాయి, నేను హైదరాబాద్ వచ్చాను. ఈ పనిలో ఒక మంచి ఉంది. కొన్న రోజు వెళ్తాం, ఆర్నెల్లకో ఏడాదికో సర్వీసు పేరుతో మళ్లీ అదే ఇంటికి వెళ్తాం. షోరూమ్‌లో లైట్ల కింద కనిపించనిది ఆ రెండోసారి వంటింట్లో కనిపిస్తుంది. ఏ వస్తువు వాడుతున్నారు, ఏది అటక ఎక్కింది అన్నది అడగక్కర్లేదు, చూస్తే తెలిసిపోతుంది.

అలా చూసి చూసి నేను ఒక్క ప్రశ్నకు వచ్చాను. ఏ స్మార్ట్ వస్తువు కొనాలన్నా అదే అడుగుతాను: ఇంట్లో ఏముందో దీనికి ఎవరు చెప్పాలి? తనంతట తనే తెలుసుకుంటుందా, లేక రోజూ ఒక మనిషి చెప్తేనే తెలుస్తుందా? ఆ మనిషి ఎవరో కూడా అడగండి. నేను చూసిన ఇళ్లలో ఆ మనిషి దాదాపు ఎప్పుడూ వంట చేసే ఆడమనిషే. ఆవిడ పని తగ్గించడానికని తెచ్చిన వస్తువు ఆవిడ నెత్తిన ఇంకో పని పెడితే అది ఎంత గొప్ప టెక్నాలజీ అయినా ఆ ఇంటికి పనికిరాదు.

బార్‌కోడ్ స్కానర్ సంగతి చూడండి. ప్యాకెట్ తేగానే స్కాన్ చేయాలి, అయిపోయాక పారేసే ముందు మళ్లీ స్కాన్ చేయాలి. ఈ రెండో స్కాన్ ఎవరూ చేయరు. పిల్లలకు క్యారేజీ సర్దే హడావుడిలో ఖాళీ అయిన ఆవాల ప్యాకెట్ చేత్తో పట్టుకుని స్కానర్ దగ్గరకు వెళ్లే ఓపిక ఎవరికి ఉంటుంది? మియాపూర్‌లో ఒకరింటికి రెండోసారి వెళ్లినప్పుడు స్కానర్ ఫ్రిజ్ తలుపుకు అయస్కాంతంతో అతుక్కునే ఉంది, కానీ చార్జింగ్ లేదు. ఎన్నాళ్లు వాడారని అడిగితే ఆవిడ "మూడు వారాలండీ" అని, తప్పు చేసినట్టు తల దించుకుంది. నాకు బాధేసింది. తప్పు ఆవిడది కాదు. పొద్దున ఆరింటికి లేచే మనిషికి ఏడో పని పెట్టినవాళ్లది.

ఓపికగా స్కాన్ చేసినా ఇంకో చిక్కు ఉంది. బార్‌కోడ్‌లో ఉండేది ఒక నంబరు మాత్రమే. ఫలానా కంపెనీ, ఫలానా వస్తువు, ఫలానా సైజు అని ఆ నంబరును బట్టి తెలుస్తుంది. మన దేశంలో రిజిస్టర్ అయిన కంపెనీల నంబర్లు 890తో మొదలవుతాయి. మామూలు సరుకుల మీద ఉండే ఈ గీతల్లో ఎక్స్‌పైరీ తేదీ ఉండదు, ప్యాకెట్‌లో ఎంత మిగిలిందో అంతకన్నా ఉండదు. ఇక సూపర్‌మార్కెట్‌లో విడిగా తూచి ఇచ్చే పప్పు, చింతపండు, కూరగాయల మీద అతికించే లేబుల్ ఉంటుంది కదా, ఆ నంబరు సాధారణంగా 2తో మొదలవుతుంది. అది ఆ షాపు సొంత వాడకానికి వేసుకున్న నంబరు, బయటి యాప్‌కు దాని అర్థం తెలియదు. డాలస్‌లో ఉండే మా పిన్ని కూతురిదీ ఇదే అనుభవం. పాలు, బ్రెడ్, సీరియల్ యాప్ టక్కున గుర్తుపడుతుంది, ఇండియన్ స్టోర్‌లో కట్టిచ్చిన కందిపప్పు దగ్గర ఆగిపోతుంది. కాబట్టి మన వంటింట్లో ఏవి ఎక్కువ వాడతామో సరిగ్గా అవే స్కానర్‌కు కనిపించవు.

డబ్బాల సంగతి నా సొంత అనుభవం. బరువు చూసే పళ్లేల్లాంటివి ఆరు కొన్నాను. ఒక్కో డబ్బా కింద ఒకటి పెడతాం, అది బరువు చూసి ఫోన్‌కు పంపిస్తుంది, తగ్గితే కొనమని గుర్తుచేస్తుంది. వినడానికి నాకూ చాలా నచ్చింది. మనిషి చెప్పక్కర్లేదు, అదే తెలుసుకుంటుంది అనుకున్నాను. మొదటి నెల బాగానే నడిచింది.

ఒక రోజు సాంబారు పెడదామని చూస్తే కందిపప్పు గుప్పెడు కూడా లేదు. ఫోన్‌లో చూస్తే కిలో పైన ఉందని చూపిస్తోంది. డబ్బా మూత తీశాను, నిండా పెసరపప్పు ఉంది. మా అత్తయ్య డబ్బాలు కడిగి ఎండబెట్టి, ఏది ముందు ఆరితే అందులో పప్పు పోసేశారు. ఎన్నో ఏళ్లుగా ఆవిడ చేసే పద్ధతే అది, అందులో తప్పేమీ లేదు. ఆ పళ్లెం తనకు తెలిసిందే చెప్పింది. దానికి తెలిసింది బరువు ఒక్కటే. ఆ బరువు దేనిదో చెప్పాల్సింది మళ్లీ మనిషే.

ఆ తర్వాత మిగతావి ఒక్కొక్కటే బయటపడ్డాయి. స్టీలు డబ్బా కొంచెం జరిగి గోడకు ఆనితే అంకె మారిపోయేది. పక్క డబ్బా మూత దీనికి పెడితే యాభై, అరవై గ్రాములు తేడా. ఇలాంటి తూకాల్లో ఒక చిన్న లోహపు కడ్డీ ఉంటుంది. బరువు పడినప్పుడు అది కంటికి కనపడనంతగా వంగుతుంది, ఆ వంపును కొలిచి గ్రాముల్లో చూపిస్తారు. గంటల తరబడి బరువు మోస్తూనే ఉంటే, పక్కన స్టవ్ వేడి తగులుతుంటే ఆ కొలత కొద్దికొద్దిగా జరుగుతుంది. మామూలు తూకాన్ని మనం వాడేముందు ప్రతిసారీ సున్నాకు తెస్తాం కాబట్టి ఈ బాధ తెలియదు. చివరికి ఇంటర్నెట్ కంపెనీ మార్చి కొత్త రూటర్ పెట్టించాం. ఆరింటినీ మళ్లీ ఒక్కొక్కటిగా కలపాలి. ఇలాంటి చవక వస్తువులు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ అనే ఒక రకం వైఫై సిగ్నల్‌నే పట్టుకుంటాయి, ఫోనేమో 5 గిగాహెర్ట్జ్ అనే ఇంకో రకం మీద ఉంటుంది, అందుకే కలపడం దగ్గరే సగం మంది విసుగెత్తి వదిలేస్తారు. నేను ఈ పనిలోనే ఉన్నదాన్ని కాబట్టి కలపగలిగాను. కానీ ఒక ఆదివారం మధ్యాహ్నం అంతా దానికే పోయింది. సాయంత్రం అవి తీసి పక్కన పెట్టేశాను.

ఇప్పుడు కెమెరా ఫ్రిజ్. ఇంటర్నెట్ ఫ్రిజ్ కొత్త ఆలోచనేమీ కాదు. ఎల్‌జీ 2000లోనే ఒకటి తెచ్చింది, ధర ఇరవై వేల డాలర్ల పైన, జనం కొనలేదు. శాంసంగ్ 2016లో లోపల కెమెరాలు, తలుపు మీద పెద్ద స్క్రీన్ ఉన్న ఫ్యామిలీ హబ్ తెచ్చింది. 2024 మోడల్‌లో లోపల పెట్టిన పదార్థాలను తనే గుర్తుపడుతుందన్నారు. కంపెనీ చెప్పిన లెక్క ప్రకారం అది గుర్తుపట్టే తాజా పదార్థాలు 33 రకాలు. తలుపు అరల్లో, ఫ్రీజర్‌లో ఉన్నవాటిని గుర్తించదని కూడా వాళ్లే చెప్పారు. టెక్నాలజీగా అది గొప్పదే, నేను కాదనను.

కానీ మీ ఫ్రిజ్ ఒకసారి తెరిచి చూడండి. పై అరలో నిన్నటి పప్పు, స్టీలు గిన్నెలో, పైన ప్లేటు మూత. దాని పక్కన ఇడ్లీ పిండి గిన్నె. మధ్య అరలో పెరుగు గిన్నె, పిల్లలకు తీసిపెట్టిన కూర ఇంకో గిన్నెలో. కింద పెట్టెలో రైతుబజారు నుంచి తెచ్చిన కవర్లు ముడి విప్పకుండా. కరివేపాకు పేపర్లో చుట్టి. కెమెరాకు వీటిలో కనిపించేది ఏముంది? నాలుగు స్టీలు మూతలు, మూడు కవర్లు. యాపిల్ పండును, క్యారెట్‌ను అది గుర్తుపడుతుంది. అవి అయిపోయాయని మనకు ఎలాగూ తెలుసు, పిల్లలే చెప్తారు. మూత కింద ఉన్న పప్పు ఎన్నాళ్లదో చెప్పగలిగితే ఎంతిచ్చినా కొనమని మీకు నేనే చెప్పేదాన్ని.

మీకు కెమెరా కావాలంటే చేతిలో ఉంది. కూరగాయలకు బయల్దేరే ముందు ఫ్రిజ్ తలుపు తీసి ఒక ఫొటో, కూరగాయల పెట్టె లాగి ఒక ఫొటో, సరుకుల అల్మరా తీసి ఒక ఫొటో తీయండి. మొత్తం అర నిమిషం. ఎవరు బజారుకు వెళ్తే వాళ్లకు వాట్సాప్‌లో పంపండి. పెట్టె లాగేటప్పుడు కవరు ముడి విప్పి చూస్తారు కదా, అసలు లాభం ఆ చూడటంలోనే ఉంది. మా ఇంట్లో నాలుగేళ్లుగా ఇదే నడుస్తోంది. మా ఆయన బజార్లో నిలబడి ఫోన్ చేసి "వంకాయలున్నాయా?" అని అడగడం మానేశారు.

ఇంకో పెద్ద విషయం, వస్తువుల ఆయుష్షు. ఫ్రిజ్ పది, పన్నెండేళ్లు పనిచేస్తుంది. దాని స్క్రీన్ లోపలి సాఫ్ట్‌వేర్ అన్నేళ్లు నడవాలంటే కంపెనీ దాన్ని అన్నేళ్లూ చూసుకోవాలి. అమెజాన్ 2015లో డాష్ బటన్ అని తెచ్చింది. వేలెడంత బటన్, ధర అయిదు డాలర్లు, వాషింగ్ మెషీన్‌కు అతికించుకుని సబ్బు పొడి అయిపోగానే నొక్కితే ఆర్డర్ వెళ్లిపోతుంది. అంత పెద్ద కంపెనీయే 2019లో అమ్మకం ఆపేసి, అదే ఏడాది ఆగస్టు 31తో సేవ కూడా ఆపేసింది. కొన్నవాళ్ల ఇళ్లలోని బటన్లన్నీ ఆ రోజుతో పనికి రాకుండా పోయాయి. గొంతుతో, బార్‌కోడ్‌తో లిస్టులో చేర్చుకునే డాష్ వాండ్‌కూ 2020లో అదే గతి పట్టింది. వస్తువు పాడవలేదు, వెనక కంపెనీ నడిపే కంప్యూటరు, అంటే సర్వరు, ఆగిపోయింది. మామూలు ఫ్రిజ్‌కు కంప్రెసర్ పోతే మన వీధి మెకానిక్ వచ్చి వేస్తాడు. సర్వరు ఆగితే ఏ మెకానిక్ ఏం చేయగలడు?

ఆ బటన్ మీద జర్మనీలో కేసు కూడా నడిచింది. నొక్కే ముందు ఏ వస్తువు, ఎంత ధర అన్నది కొనేవాళ్లకు కనిపించడం లేదని మ్యూనిక్ కోర్టు 2019 జనవరిలో తప్పుపట్టింది. "అయిపోగానే తనే ఆర్డర్ పెట్టేస్తుంది" అని ఎవరైనా చెప్తే ఈ మాట గుర్తుపెట్టుకోండి. కందిపప్పు ధర ఈ నెల ఉన్నట్టు వచ్చే నెల ఉండదు. ఆర్డర్ మీద అదుపు మీ చేతిలోనే ఉండాలి. మన దగ్గర కార్డు నుంచి ప్రతి నెలా దానంతట అదే డబ్బు వెళ్లే ఏర్పాటు ఉంటే ఇరవై నాలుగు గంటల ముందే తెలియజేయాలని రిజర్వు బ్యాంకు 2021 అక్టోబరు నుంచి అమలు చేస్తోంది. ఆ మెసేజ్ వచ్చినప్పుడు చూడకుండా పక్కకు తోసేయకండి. మీరు పెట్టని వస్తువు కార్టులోకి చేర్చడం, చివర్లో కొత్త చార్జీలు కలపడం, చందా మాన్పించుకోవడం కష్టం చేయడం, ఇవన్నీ ఆన్‌లైన్‌లో కొనేవాళ్లను మభ్యపెడతాయని కేంద్రం 2023 నవంబరులో నిషేధించిన 13 పద్ధతుల్లో ఉన్నాయి. అలాంటిది జరిగితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు.

ఇక మీ అసలు సమస్యకు వస్తాను. మీరు ఒకే సమస్యగా రాశారు గానీ అందులో మూడున్నాయి, అన్నిటికీ మందు ఒకటి కాదు.

జీలకర్ర మూడు ప్యాకెట్లు పోగవడం, రవ్వ ఉన్నట్టుండి అయిపోవడం, ఈ రెండూ లిస్టు ఎప్పుడు రాస్తున్నారు అన్నదాని మీద ఆధారపడతాయి. షాపులో నిలబడి గుర్తుచేసుకుంటే జీలకర్ర ఎప్పుడూ లేనట్టే అనిపిస్తుంది. మీ ఇంట్లో పోపుల పెట్టె ఉంటుంది కదా. పోపుల పెట్టెలో చిన్న గిన్నెలు, వెనక పెద్ద డబ్బాలు. పెద్ద డబ్బాలోంచి చివరిసారి గిన్నెలో పోసి డబ్బా ఖాళీ అయినప్పుడే లిస్టులో రాయండి. గిన్నె నిండా ఉంటుంది కాబట్టి ఇంకో పది, పదిహేను రోజులు ఇబ్బంది ఉండదు. గిన్నె ఖాళీ అయ్యేదాకా ఆగితే మాత్రం పొయ్యి మీద నూనె కాగుతుండగా ఆవాలు లేవని తెలుస్తుంది. రవ్వ, పంచదార, టీ పొడి, నూనె అన్నీ ఇదే పద్ధతి: ఎప్పుడూ ఒక ప్యాకెట్ వాడకంలో, ఒకటి వెనక. వెనకది చించిన క్షణంలో లిస్టులోకి ఎక్కాలి. ఖాళీ ప్యాకెట్‌ను స్కాన్ చేయడం కన్నా ఇది సులువు, ఎందుకంటే కత్తెర చేతిలో ఉన్నప్పుడే గుర్తొస్తుంది.

లిస్టు మీ ఇద్దరి ఫోన్లలో ఒకటే ఉండాలి. గూగుల్ కీప్ లాంటి నోట్స్ యాప్‌లో ఒక నోటు తెరిచి ఇద్దరూ షేర్ చేసుకోండి, అది ఉచితం. తెలుగులో టైపు చేయడం విసుగైతే కీబోర్డు మీద మైకు బొమ్మ నొక్కి మాట్లాడండి. గూగుల్ కీబోర్డులో తెలుగు గొంతుతో రాసే సౌకర్యం 2017 నుంచే ఉంది, "మినపగుళ్లు కిలో" అంటే చక్కగా రాస్తుంది. అలవాటు కాకపోతే ఫ్రిజ్ మీద కాగితం, పెన్ను పెట్టుకున్నా సరే. పాలవాడి లెక్క క్యాలెండర్ గడుల్లో రాసుకుని ఒక్క ప్యాకెట్ తేడా రాకుండా చూసుకున్న ఇళ్లు మనవి.

నిమిషాల్లో తెచ్చే యాప్‌లు వచ్చాక సరుకు మర్చిపోవడం ముందంత పెద్ద కష్టం కాదు. బ్లింకిట్, జెప్టో, ఇన్‌స్టామార్ట్ మీ ఏరియాలో అన్నీ ఉన్నాయి. కానీ మర్చిపోయిన ప్రతిసారీ ఒక చిన్న ఆర్డర్, దాని మీద డెలివరీ చార్జీ, హ్యాండ్లింగ్ చార్జీ, తక్కువ మొత్తానికి ఇంకో చార్జీ. గత నెల ఆర్డర్లన్నీ తెరిచి ఈ చార్జీలు మాత్రమే ఒక కాగితం మీద కూడండి. గాడ్జెట్ కొంటే ఎంత మిగులుతుందన్న మీ ప్రశ్నకు నిజమైన అంకె అక్కడ దొరుకుతుంది. ఆ మొత్తం నెలకు రెండు, మూడు వందలుంటే దాని కోసం అదనంగా యాభై వేలు పెట్టి ఫ్రిజ్ కొనడంలో లెక్క కుదరదు. అదే యాప్‌లో పాత ఆర్డర్లు చూడండి, మీ ఇంటికి నెలకు ఏది ఎంత పడుతోందో ఆ చిట్టా అంతా అందులోనే ఉంది.

బియ్యం లెక్క నోటితో వేసుకోవచ్చు. ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం 25 కేజీల వరకు ఉంటే 2022 జూలై 18 నుంచి 5 శాతం జీఎస్టీ పడింది, అందుకే మన దగ్గర 26 కేజీల బస్తాలు వచ్చాయి. డబ్బాలో ఒకటే గ్లాసు వేసి ఉంచండి, దాన్ని మార్చకండి. ఆ గ్లాసుకు బియ్యం ఎన్ని గ్రాములో ఒక్కసారి తూచుకోండి. రోజుకు ఆరు వందల గ్రాములు పడితే బస్తా నలభై మూడు రోజులు వస్తుంది. బస్తా విప్పిన తేదీ క్యాలెండర్ మీద రాస్తే చాలు. మన పెద్దవాళ్లు సోల, తవ్వ పెట్టి కొలిచింది ఇందుకే. డబ్బాలో ఉన్న ఆ కొలతే వాళ్లకు మీటరు.

మూడోది, కూరగాయలు కుళ్లడం. మీరు దీన్ని మర్చిపోవడం కింద లెక్కవేశారు, నాకు ఫ్రిజ్ మీద అనుమానం ఉంది. పాత ఫ్రిజ్ అన్నారు. తలుపు సందులో ఒక కాగితం పెట్టి తలుపు వేసి లాగండి. సులువుగా జారి వచ్చేస్తే తలుపు రబ్బరు వదులైపోయినట్టే. నాలుగు వైపులా ఇలాగే చూడండి. రబ్బరు మార్చడం పెద్ద ఖర్చు కాదు, చాలాసార్లు కొత్త ఫ్రిజ్ అవసరమే లేకుండా పోతుంది. ఫ్రిజ్‌లో పెట్టే చిన్న థర్మామీటరు ఒకటి కొని మధ్య అరలో రాత్రంతా ఉంచండి, పొద్దున తలుపు తీయగానే చూడండి. అయిదు డిగ్రీలు దాటకూడదు. స్క్రీన్ లేకపోయినా మీ ఆహారం గురించి మీకు నిజం చెప్పే వస్తువు అది.

ఫ్రిజ్ బాగానే ఉంటే తప్పు కవర్లలో ఉంటుంది. ముడి వేసిన ప్లాస్టిక్ కవర్లో తడి నిలిచి తోటకూర రెండు రోజుల్లో నల్లబడుతుంది. తెచ్చిన రోజే కవర్లు విప్పి, వేర్లు కోసి, తడి లేకుండా పాత కాటన్ గుడ్డలో చుట్టండి. పండిన అరటి, మామిడి, టమాటాలు ఇథిలీన్ అనే వాయువు వదులుతాయి, వాటి పక్కన ఉంటే ఆకుకూరలు త్వరగా పసుపెక్కుతాయి. ఆదివారం రైతుబజారుకు వెళ్తామని రాశారు. అక్కడ ధర తక్కువ కనిపించేసరికి చేతికి అందినన్ని కొనేస్తాం, నేనూ అంతే. కాబట్టి వండే వరుస ముందే పెట్టుకోండి: సోమ, మంగళ ఆకుకూరలు, తర్వాత బెండ, వంకాయ, బీర, వారం చివర దోసకాయ, కంద, బంగాళాదుంప. ఈ వరుస ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించిన ఇళ్లలో పారేసే కూరగాయలు తగ్గడం నేను కళ్లారా చూశాను.

స్మార్ట్ స్పీకర్ గురించి. చేతికి పిండి అంటుకుని ఉన్నప్పుడు నోటితో చెప్తే లిస్టులో చేరడం నిజంగా సుఖమే. అమెజాన్ స్పీకర్‌లోని అలెక్సా మన దేశంలో ఇంగ్లిష్, హిందీల్లో మాట్లాడుతుంది. "ఉరద్ దాల్" అంటే సరిగ్గా చేర్చుకుంటుంది, "మినపగుళ్లు" అంటే మా ఇంట్లో అర్థం లేని మాటేదో లిస్టులో చేరింది. పిల్లలకు సరదా, మీకు అలారం, పాటలు వస్తాయి. ఇప్పటికే ఉంటే వాడుకోండి.

అయితే ఈ వస్తువులు ఎవరికీ వద్దని నేను అనడం లేదు. గుంటూరులో ఒక పెద్దాయన ఉన్నారు. చూపు బాగా తగ్గింది, భార్య పోయారు, పిల్లలు విదేశంలో ఉంటారు. కొడుకు స్పీకర్ పెట్టించి వెళ్లాడు. ఆయన కావాల్సింది హిందీలో చెప్తారు, రైల్వేలో పనిచేసినాయన కాబట్టి ఆ భాష బాగా వచ్చు. లిస్టు అక్కడ కొడుక్కి కనిపిస్తుంది, అతను ఆర్డర్ పెడితే ఇంటికొస్తుంది. చూపు తగ్గి రాయలేని, చదవలేని మనిషి ఇరుగుపొరుగు మీద ఆధారపడకుండా ఉప్పూ పప్పూ తెప్పించుకుంటున్నారు. అక్కడ ఆ స్పీకర్ ధరకు పదింతలు ఇచ్చినా తక్కువే. చూపు, నడక, జ్ఞాపకం తగ్గినవాళ్లు ఇంట్లో ఉంటే నా సలహా మొత్తం మారిపోతుంది.

ఇవన్నీ చూశాక కూడా స్క్రీన్ ఫ్రిజ్ మీదే మనసుంటే, షోరూమ్‌లో సేల్స్ కుర్రాణ్ని కొన్ని అడగండి. అన్నే లీటర్లు, అదే కంప్రెసర్, స్క్రీన్ లేని మోడల్ ధర ఎంత? రెండింటి మీదా స్టార్ లేబుల్‌లో ఏడాదికి ఎన్ని యూనిట్లని ఉంది? సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తామని కాగితం మీద రాసిస్తారా? స్క్రీన్ పగిలితే వారంటీలో ఉందా, లేకపోతే మార్చడానికి ఎంత? ఇంటర్నెట్ లేకపోతే ఏమేం పనిచేస్తాయి? అమెరికాలో శాంసంగ్ 2025లో అమ్మేసిన ఫ్రిజ్‌ల స్క్రీన్ల మీద ప్రకటనలు చూపించడం మొదలుపెట్టింది, కాబట్టి ఆ సంగతి కూడా అడగండి. జవాబులు నోటితో కాకుండా మెసేజ్‌లో తీసుకోండి.

ఇక మొదట్లో చెప్పిన ఆ డిజిటల్ తూకం. అయిదు నుంచి పది కిలోల దాకా చూపించేది, ఒక గ్రాము తేడా పట్టేది తీసుకోండి. గ్యాస్ సిలిండర్ మీద ఖాళీ బరువు రాసి ఉంటుంది చూశారా, పైన రింగు దగ్గర? మొత్తం బరువులోంచి అది తీసేస్తే లోపల గ్యాస్ ఎంతో తెలుస్తుంది, నిండు సిలిండర్‌కు 14.2 కేజీలు రావాలి. అదే పద్ధతి మీ డబ్బాలకు పెట్టండి. ఈసారి కడిగి ఆరబెట్టినప్పుడు ఖాళీ డబ్బాను మూతతో సహా తూచి, ఆ అంకెను పర్మనెంట్ మార్కర్‌తో డబ్బా అడుగున రాయండి. అదే అంకె మూత లోపలి వైపు కూడా రాస్తే మూతలు మారిపోవు. ఏ పప్పు ఏ డబ్బాలో పోసినా ఇబ్బంది లేదు, మా అత్తయ్య పద్ధతి మార్చక్కర్లేదు. నెలకొకసారి, సరుకులకు బయల్దేరే ముందు రోజు సాయంత్రం, పెద్ద డబ్బాలు మాత్రం తూచండి: కందిపప్పు, మినపగుళ్లు, గోధుమపిండి, పంచదార. మా ఇంట్లో ఎనిమిది డబ్బాలకు పది నిమిషాలు పడుతుంది. మా పెద్దాడు తూస్తాడు, చిన్నది అంకెలు రాస్తుంది. మీ పిల్లలకు కూడా ఆ పని అప్పజెప్పి చూడండి. రెండు నెలల అంకెలు పక్కపక్కన పెడితే మీ ఇంటికి నెలకు ఏది ఎంత పడుతుందో తేలిపోతుంది. ముందు కందిపప్పు డబ్బాతో మొదలుపెట్టండి.